స్వేచ్ఛా కంపైలర్లు – గేమ్ ఇంజిన్లు (1987–1999)

కంప్యూటర్ ఆటల చరిత్రను చాలామంది ఆటల విడుదల తేదీలతోనే చెబుతారు. ఆ ఆటలను ఏ పనిముట్టుతో నిర్మించారన్న ప్రశ్న వెనకబడిపోతుంది. మనిషి రాసిన సోర్స్ కోడ్‌ను ప్రాసెసర్ అమలు చేయగల ఆదేశాలుగా మార్చే ప్రోగ్రామును కంపైలర్ అంటారు. ఒక గేమ్ ఇంజిన్ సోర్స్ కోడ్‌ను సంస్థ బయటపెట్టినా, కంపైలర్ లేని ఇంట్లో అది చదువుకోవడానికి మాత్రమే పనికివస్తుంది. కాబట్టి ఇంజిన్ల విడుదల కథ కంటే ముందు కంపైలర్ల కథ తెలుసుకోవాలి.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే ఒకే మాటకు రెండు అర్థాలుండడం వల్ల ఈ చరిత్రలో చాలా గందరగోళం ఏర్పడింది. తెలుగులో మనకు ఆ ఇబ్బంది లేదు. 2000లో బోర్లాండ్ సంస్థ తన సి++ 5.5 కంపైలర్‌ను డబ్బు తీసుకోకుండా ఇచ్చింది కాని దాని సోర్స్ ఇవ్వలేదు. అది ఉచితం. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు కోరినది స్వేచ్ఛ, అంటే ప్రోగ్రామును చదివే, మార్చే, ఇతరులకు పంచే హక్కు. ఆ ప్రాజెక్టు నుంచి 1987లో జీసీసీ అనే సి కంపైలర్ వెలువడింది. అయితే అది యూనిక్స్ నడిచే 32-బిట్ యంత్రాలను దృష్టిలో పెట్టుకొని రాసినది. ఇళ్లలోని పీసీలలో నడిచేది ఎంఎస్-డాస్.

డాస్‌కు ఉన్న అడ్డంకిని కొంత వివరంగా చూడాలి. అది 16-బిట్ వ్యవస్థ. సాధారణ ప్రోగ్రాములకు దొరికే జ్ఞాపకశక్తి 640 కిలోబైట్లకు మించదు. జీసీసీ వంటి పెద్ద ప్రోగ్రాము అందులో ఇమడదు. 1989 ప్రాంతంలో ఒక యూనిక్స్ వాడుకరుల సమావేశంలో డీజే డెలోరీ అనే ఇంజనీరు, జీసీసీని డాస్‌కు తెస్తారా అని స్టాల్‌మన్‌నే అడిగాడు. అది సాధ్యం కాదన్నది జవాబు. డెలోరీ దాన్ని సవాలుగా తీసుకున్నాడు. ఇంటెల్ 386 ప్రాసెసర్‌లో ‘ప్రొటెక్టెడ్ మోడ్’ అనే స్థితి ఉంది. అందులో 640 కిలోబైట్ల హద్దు వర్తించదు. ప్రోగ్రామును ఆ స్థితిలో నడుపుతూ, ఫైళ్లు తెరవడం వంటి పనులకు మాత్రం డాస్‌ను పిలిచే మధ్యవర్తి ప్రోగ్రామును ఆయన రాశాడు. దీన్ని డాస్ ఎక్స్‌టెండర్ అంటారు. ఇలా పుట్టినదే డీజేజీపీపీ. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ స్థాపకుడు కాదన్న పనిని అదే ఉద్యమం ఇచ్చిన సోర్స్ కోడ్‌తో మరొకరు చేసి చూపడం గమనించదగిన విషయం. సోర్స్ దాచిన కంపైలరైతే ఆ సవాలుకు అర్థమే ఉండేది కాదు.

ఇప్పుడు ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఆటలకు వద్దాం. 1993 డిసెంబరులో వచ్చిన ‘డూమ్’ డాస్ రూపాన్ని వాట్‌కామ్ అనే వ్యాపార కంపైలర్‌తో తయారుచేశారు. (ఆ కంపైలరే తర్వాత ఓపెన్ వాట్‌కామ్‌గా బహిరంగమైంది.) 1996 నాటి ‘క్వేక్’ డాస్ రూపానికి మాత్రం అదే సంస్థ డీజేజీపీపీని ఎంచుకుంది. డబ్బున్న సంస్థ స్వేచ్ఛా కంపైలర్‌ను ఎంచుకుందంటే దాని నాణ్యత గురించి వేరే చెప్పనక్కరలేదు. అయితే క్వేక్ అప్పట్లో సోర్స్ దాచి అమ్మిన ఆటే. కంపైలర్ లైసెన్స్ వేరు, దానితో తయారైన ప్రోగ్రాము లైసెన్స్ వేరు. విద్యార్థులు తరచూ పొరబడేది ఇక్కడే.

1997 డిసెంబరు 23న జాన్ కార్మాక్ డూమ్ సోర్స్ కోడ్‌ను విడుదల చేశాడు. డాస్ రూపంలోని ధ్వని లైబ్రరీ బయటివారి సొత్తు కావడంతో లైనక్స్ రూపాన్ని ఇవ్వవలసి వచ్చింది. అప్పటి లైసెన్స్ వ్యాపారేతర వినియోగానికే అనుమతించింది. అయినా ఔత్సాహికులు ఆ కోడ్‌ను డీజేజీపీపీతో మళ్లీ డాస్‌కు తెచ్చారు. ‘డాస్‌డూమ్’, 1998 నాటి ‘బూమ్’ అలా వచ్చినవే. 1999 అక్టోబరులో డూమ్ కోడ్‌కు గ్నూ జీపీఎల్ లైసెన్స్ వర్తింపజేశారు.

అదే ఏడాది డిసెంబరు 21న క్వేక్ కోడ్ కూడా జీపీఎల్ కింద వెలువడింది. అందులోని అసెంబ్లీ భాగాలు గ్నూ అసెంబ్లర్ పద్ధతిలో రాసినవి. మైక్రోసాఫ్ట్ పనిముట్లతో విండోస్ రూపం నిర్మించదలచినవారి కోసం, వాటిని మైక్రోసాఫ్ట్ అసెంబ్లర్ పద్ధతిలోకి మార్చే చిన్న ప్రోగ్రామును ఆ విడుదలలోనే జతచేశారు.