కేబుల్ వచ్చేసరికి కొట్టు కట్టేశారు

ఫీనిక్స్ బే రేవులో కాసేపు నిలబడితే అండమాన్ ఆర్థిక వ్యవస్థ ఏమిటో పుస్తకం తెరవకుండానే బోధపడుతుంది. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌లకు ఫెర్రీలు అక్కడి నుంచే బయలుదేరుతాయి. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం – ఏ రేవు నుంచి లెక్కించినా ప్రధాన భూభాగం దాదాపు 1,200 కిలోమీటర్ల అవతల ఉంటుంది. మేకు నుంచి మందుబిళ్ల దాకా చాలా సరుకులు ఆ సముద్రం దాటి రావలసిందే. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపవాసుల్లో 13 శాతం మంది తెలుగు మాతృభాషీయులు. విశాఖ ఓడ కోసం ఎదురుచూడటం ఏమిటో వారికి వేరే చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరులో కేంద్రం పోర్ట్‌బ్లెయిర్‌ను శ్రీ విజయపురంగా మార్చింది. పేరు మార్చడం సులువు, దూరం తగ్గించడం కాదు.

ఆ దూరాన్ని చెరిపేస్తానని ఒకప్పుడు ఇంటర్నెట్ వాణిజ్యం మాట ఇచ్చింది. ఆ మాట ఎవరి విషయంలో నిలబడిందో, ఎవరి దగ్గరకు రాకుండానే ఆగిపోయిందో తెలుసుకోవాలంటే సైకిల్ విడిభాగాల చరిత్ర చూస్తే చాలు.

స్వాతంత్ర్యానికి ముందు భారత మార్కెట్లో రాలీ, హెర్క్యులిస్, బీఎస్‌ఏ వంటి బ్రిటిష్ పేర్లదే రాజ్యం. ఆ తర్వాత దిగుమతుల గేటు మూసి, దేశీయ తయారీకి దారి తెరిచారు. 1949లో మద్రాసు శివార్లలో టీఐ సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ వచ్చాయి. విడిభాగాల్లో చాలావాటిని చిన్నతరహా పరిశ్రమలకు కేటాయించారు. ఈ విధానాన్ని ఎద్దేవా చేయడం ఇప్పుడు ఫ్యాషన్ గానీ, పాలవాడికీ, పోస్ట్‌మ్యాన్‌కీ, బడిపంతులుకూ సైకిల్‌ను అందుబాటులోకి తెచ్చింది అదే. 1986లో హీరో ప్రపంచంలోనే అతిపెద్ద సైకిల్ తయారీదారుగా గిన్నిస్‌కెక్కింది. అయితే ఆ సైకిల్ ఒకే గేరున్న బరువైన బండి. గేర్లు మార్చే యంత్రాంగంలో ప్రపంచ ప్రమాణాన్ని నిర్దేశించినది 1921లో జపాన్‌లోని సకాయిలో పుట్టిన షిమానో. లూధియానా ఆ రంగంలో పోటీకి దిగలేదు. కాపాడిన మార్కెట్లో ఆ అవసరమూ రాలేదు.

1991 సంస్కరణలు వినియోగ వస్తువుల దిగుమతుల జోలికి పెద్దగా పోలేదు. అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థలో వేసిన కేసు ఓడిపోయాకే, 2001 ఏప్రిల్ 1న చివరి పరిమాణాత్మక ఆంక్షలు తొలగాయి. అప్పటికి బ్రిటన్‌లో మరో కథ మొదలైంది. ఉత్తర ఐర్లండ్‌లోని బల్లినూర్ అనే పల్లెలో వాట్సన్ దంపతులు 1980ల్లో తెరిచిన చిన్న సైకిల్ కొట్టు, చైన్ రియాక్షన్ సైకిల్స్‌గా 1999లో ఆన్‌లైన్‌కు ఎక్కింది. పోర్ట్స్‌మత్‌లో విగిల్ పుట్టిందీ ఆ కాలంలోనే. 2016లో రెండూ ఒక్కటయ్యాయి.

ఆ ధరల్లో మాయ ఏమీ లేదు, లెక్కే ఉంది. సైకిల్ కంపెనీలకు టోకున వెళ్లే విడిభాగాలు చిల్లర పెట్టెల్లో వచ్చే వాటికంటే చౌక. వాటిలో మిగులు సరుకు చిల్లర మార్కెట్లోకి జారేది. భారీ కొనుగోళ్ల రాయితీ దానికి తోడు. ఐరోపా బయటి కొనుగోలుదారుకు బ్రిటిష్ వ్యాట్ తగ్గేది. అది 20 శాతం కనుక, అక్కడి అమ్మకం ధరలో ఆరోవంతు ఎగిరిపోయినట్టే. హైదరాబాద్, బెంగళూరుల్లో రోడ్డు సైకిళ్ల మోజు పెరుగుతున్న రోజుల్లో, ఊళ్లో దొరకని క్యాసెట్టో డెరైల్యూరో ఉత్తర ఐర్లండ్ నుంచి తెప్పించుకోవడం అక్కడి ఔత్సాహికులకు మామూలైపోయింది.

అడ్డంకి కస్టమ్స్ దగ్గర. మౌలిక సుంకం, 2018 నుంచి దాని మీద 10 శాతం సామాజిక సంక్షేమ సర్‌చార్జి, ఆ మొత్తం మీద ఐజీఎస్టీ – పన్ను మీద పన్ను. లండన్‌లో దక్కిన రాయితీ మన విదేశీ తపాలా కార్యాలయంలో కరిగిపోయేది. 5,000 రూపాయల లోపు ‘బహుమతి’కి సుంకం లేదన్న వెసులుబాటును చైనా అమ్మకందారులు దుర్వినియోగం చేస్తున్నారంటూ, 2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ బహుమతుల దిగుమతినే నిషేధించింది. మినహాయింపు ప్రాణాధార మందులకూ, రాఖీలకూ మాత్రమే. మూల్యాంకన యంత్రాంగాన్ని బాగుచేయడం కంటే తలుపు మూయడం ఢిల్లీకి ఎప్పుడూ తేలికే.

ఇక్కడే ఫీనిక్స్ బే కథ పక్కదారి పడుతుంది. అమ్మకపు పన్ను విషయంలో అండమాన్ ఒక వింత: 2017 జూలైలో జీఎస్టీ వచ్చేదాకా అక్కడ వ్యాట్ లేనే లేదు. కాగితం మీద చూస్తే ఆన్‌లైన్ కొనుగోలుకు అంతకంటే అనువైన చోటు ఉండదు. కానీ ఆ ఏళ్లలో ద్వీపాల ఇంటర్నెట్ ఉపగ్రహం మీద ఆధారపడిన నత్తనడక. చెన్నై నుంచి 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్‌ను ప్రధాని ప్రారంభించినది 2020 ఆగస్టు 10న. వ్యయం 1,224 కోట్ల రూపాయలు. పోర్ట్‌బ్లెయిర్‌తో పాటు కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ సహా ఏడు దీవులు దానికి అనుసంధానమయ్యాయి. ఆ తేదీకి ముందూ వెనకా ఏం జరిగిందో చూడాలి. గల్వాన్ ఘర్షణ తర్వాత జూన్ 29న 59 చైనా యాప్‌లపై నిషేధం. నవంబరు 24న మరో 43, వాటిలో చౌక విడిభాగాల సంత అయిన అలీఎక్స్‌ప్రెస్ ఒకటి. రెండు నిషేధాల మధ్య కేబుల్ ఒడ్డుకు చేరింది.

బ్రిటిష్ దుకాణం మిగిలిందా అంటే, అదీ లేదు. ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగడంతో 2021 నుంచి దాని ఐరోపా వ్యాపారానికి సరిహద్దు పన్నులు అడ్డొచ్చాయి. కొవిడ్ కాలపు గిరాకీ చప్పున పడిపోయి గోదాముల్లో సరుకు పేరుకుంది. 2021లో దాన్ని కొన్న సిగ్నా స్పోర్ట్స్ యునైటెడ్‌కు మాతృసంస్థ హామీ ఇచ్చిన పెట్టుబడి 2023 అక్టోబరులో ఆగింది. ఆ నెలలోనే విగిల్–చైన్ రియాక్షన్ దివాలా నిర్వాహకుల చేతికి వెళ్లింది. పేర్లను ఫ్రేజర్స్ గ్రూప్ కొనుక్కుంది.

ఇదంతా కాస్త సంపన్నుల సరదాకు సంబంధించిన వ్యవహారమని కొట్టిపారేయవచ్చు, నికోబార్ పిల్లలు లేకపోయి ఉంటే. 2004 సునామీలో చెట్టునంటి పెట్టుకుని రోజుల తరబడి ప్రాణం కాపాడుకున్న కార్ నికోబార్ బాలిక డెబోరా హెరాల్డ్ 2015లో 500 మీటర్ల టైమ్ ట్రయల్ ప్రపంచ ర్యాంకింగ్‌లో నాలుగో స్థానానికి చేరింది. అదే ద్వీపాల ఈసో అల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఎగ్ల్‌లో జూనియర్ ప్రపంచ పోటీల కీరిన్‌లో రజతం గెలిచాడు. ప్రపంచ సైక్లింగ్ పోటీల్లో భారత్‌కు అదే తొలి పతకం. మరుసటి ఏడాది జూనియర్ టీమ్ స్ప్రింట్ స్వర్ణం సాధించిన జట్టులోనూ అతడున్నాడు. ట్రాక్ సైకిల్‌కు గేర్లుండవు, బ్రేకులుండవు. ఉన్న కొద్ది భాగాలే సెకనులో వందో వంతును తేలుస్తాయి. ఆ స్థాయి సామగ్రి కోసం, శిక్షణ కోసం వీరు ద్వీపాలు విడిచి, 2010 కామన్వెల్త్ క్రీడలకు ఢిల్లీలో కట్టిన ఇండోర్ వెలోడ్రోమ్‌కు వెళ్లవలసి వచ్చింది. ఎంపికైన పదిమందికి ప్రభుత్వం సామగ్రి ఇవ్వగలదు. ఎంపికకు ముందు దశలో ఉన్న పిల్లవాడు తన డబ్బుతో కొనుక్కోవలసిందే. సుంకం అతడి దగ్గరా అదే రేటులో వసూలవుతుంది.

ఇప్పుడు కార్ నికోబార్‌లో కూర్చుని జపాన్ చైన్ ధర క్షణంలో చూడవచ్చు. పార్సెల్ మాత్రం ముందు ప్రధాన భూభాగంలో కస్టమ్స్ దాటాలి, అక్కడి నుంచి పోర్ట్‌బ్లెయిర్ చేరాలి, తర్వాత దక్షిణానికి వెళ్లే తదుపరి ఓడ కోసం ఆగాలి.