తేనెపట్టు - తాడు - ఒప్పందము

అమరచింత ఒకప్పుడు నిజాం రాజ్యములోని సంస్థానము. నేడు వనపర్తి జిల్లాలో ఉన్నది. అచ్చటనైనను, మరే ఊరనైనను బడి మేడకో, నీళ్లట్యాంకుకో పెద్దతేనెటీగలు పట్టు పెట్టినచో ఒక ప్రశ్న పుట్టును. దానిని తీయుటకు వచ్చినవాడు క్రింద పడినను, ఈగలు ఇరుగుపొరుగు వారిని కుట్టినను ఆ నష్టము ఎవరిది? ఈ ప్రశ్న చాల పాతది.

అపాయము ఎట్టిదో ముందు తెలిసికొందము. పెద్దతేనెటీగకు శాస్త్రనామము ఏపిస్ డార్సేటా. ఇది తొర్రలో దాగక, బయట వ్రేలాడునట్లు ఒకే పట్టు కట్టును. అది మీటరు వెడల్పు దాక పెరుగవచ్చును. ఈగ కుట్టినప్పుడు అరటిపండు వాసనగల ఐసోఅమైల్ ఎసిటేట్ అను ద్రవ్యము వెలువడి తక్కిన ఈగలను రెచ్చగొట్టును. పొగ ఆ వాసనను పసిగట్టు శక్తిని కొంతసేపు తగ్గించును. కనుకనే పట్టు తీయువారు పొగపెట్టుదురు.

అమరచింతకు తూర్పున, నాగర్‌కర్నూలు జిల్లాలోని నల్లమల అడవులలో చెంచులు తరతరాలుగా కొండచరియల నుండి తాడుపై దిగి తేనె తీయుచున్నారు. పైన తాడు పట్టువాడు దిగువాని బావమరిది కావలెనని వారిలో ఆచారముగా చెప్పుదురు. తాడు జారినచో విధవ అగునది అతని తోబుట్టువే. వ్రాతలేని ఆ ఒప్పందములో జాగ్రత్తపడవలసినవాడును, నష్టము తగులువాడును ఒక్కడే.

బంధుత్వము లేనిచోట చట్టము కావలసివచ్చెను. తేనెటీగలు స్వభావముచే అడవిజీవులనియు, తెట్టెలో పెట్టుకొననిదే చెట్టు యజమానికి సొంతము కావనియు క్రీ. శ. 533 నాటి జస్టీనియను చక్రవర్తి ధర్మశాస్త్రము చెప్పెను. ఈగలు ఎవరివియు కానప్పుడు, వాటిని కదలించువాని జాగ్రత్తయే ముఖ్యమగును. మన దేశమున ఒప్పందముల చట్టము 1872లో వచ్చెను. 1951లో అది హైదరాబాదు రాష్ట్రమునకును విస్తరించెను. 1923 నాటి పనివారల నష్టపరిహార చట్టపు 17వ సెక్షను ఒక గొప్ప సూత్రమును నిలిపెను: పరిహారపు హక్కును వదలుకొన్నట్లు పనివాడు వ్రాసియిచ్చినను ఆ వ్రాత చెల్లదు. వ్యాపారములో అజాగ్రత్త వలన కలిగిన మరణమునకు, గాయమునకు బాధ్యతను ఒప్పందముతో తప్పించుకొనరాదని ఇంగ్లండులో 1977 నాటి చట్టము చెప్పెను.

కాని పట్టు తీయువాడు తరచుగా ఒక్కపూట పనికి గుత్త కుదుర్చుకొని వచ్చును. అతడు యజమాని క్రింది పనివాడా, స్వతంత్రుడా అను చిక్కు ఇచ్చటనే వచ్చును. స్వతంత్రుడైనచో పై 17వ సెక్షను వంటి రక్షణ అతనికి అందదు. “నా ప్రాణమునకు నేనే బాధ్యుడను” అను కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొనుట ఈ సందులోనే జరుగును.

అట్టి కాగితము ఒకని బరువును మరొకని నెత్తిన పెట్టునే గాని అపాయమును తగ్గించదు. పట్టు ఎంత ఎత్తున ఉన్నది, ఏ వేళ తీయుదురు, చుట్టుపక్కల వారిని ఎవరు హెచ్చరించవలెను, ఎవరికైన ఈగకాటు పడదా, గాయమైనచో వైద్యపు ఖర్చు ఎవరిది - ఈ సంగతులు ముందుగా వ్రాసికొన్నప్పుడే ఒప్పందము ఉభయులకును మేలుచేయును. బడిలో పట్టు తీయించునపుడు ఉపాధ్యాయులు మొదట అడుగవలసినవి ఈ ప్రశ్నలే.