కాపలా ఖర్చు ఎవరి పద్దు?

దేశంలో ఎక్కడి నుంచి ఎక్కడికి విమానం టికెట్టు కొన్నా, అసలు ఛార్జీ కింద వచ్చే పన్నుల వరుసలో ‘ఏవియేషన్ సెక్యూరిటీ ఫీ’ అని ఒక పద్దు ఉంటుంది. 2019 జూన్ దాకా భద్రత పేరిట దేశీయ ప్రయాణికుడి దగ్గర వసూలు చేసింది 130 రూపాయలు, విదేశాలకు వెళ్లేవారి దగ్గర 3.25 డాలర్లు. ఆ జులైలో అది 150 రూపాయలు, 4.85 డాలర్లు అయింది. 2020 సెప్టెంబరులో 160 రూపాయలు, 5.20 డాలర్లు. 2021 ఏప్రిల్‌లో 200 రూపాయలు, 12 డాలర్లు. దేశీయ టికెట్టులో దానిమీద పద్దెనిమిది శాతం జీఎస్టీ కూడా కలిసి 236గా కనిపిస్తుంది. రెండేళ్లు తిరగకుండానే అంతర్జాతీయ రుసుం మూడున్నర రెట్లు దాటింది. గేటు దగ్గర సంచీ ఎక్స్‌రే యంత్రంలోకి తోసి, చేతులు చాచి నిలబడే మనిషి ఆ తనిఖీకి తానే డబ్బు కట్టాడని చాలాసార్లు గమనించడు. కట్టాల్సింది అతనొక్కడేనా అన్నది ఇక్కడి ప్రశ్న. ఈ రుసుం ఎలా పుట్టిందో చూస్తే, ఆలోచించి తీసుకున్న నిర్ణయం కంటే ఒక పాత ఏర్పాటు నడిచి వచ్చిన దారే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ దారి రాంచీలో మొదలవుతుంది. 1964లో అక్కడి హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషన్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. విచారణ జరిపిన జస్టిస్ ముఖర్జీ కమిషన్, ప్రభుత్వ కర్మాగారాలకు ప్రత్యేక రక్షక దళం కావాలని సిఫారసు చేసింది. 1968లో చట్టం వచ్చింది, 1969 మార్చి 10న కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, అంటే సీఐఎస్ఎఫ్, పుట్టింది. మిగతా కేంద్ర బలగాలకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. సరిహద్దు కాసే దళానికి జీతం ఖజానా ఇస్తుంది. సీఐఎస్ఎఫ్ మాత్రం ఎవరికి కాపలా కాస్తే వారికే బిల్లు పంపుతుంది. ఉక్కు, ఎరువులు, చమురు తయారుచేసే సంస్థలు లాభనష్టాల లెక్క చూసుకునేవి కాబట్టి తమ కాపలా ఖర్చు తామే పెట్టుకోవడం న్యాయంగానే ఉండేది. విశాఖ ఉక్కు కర్మాగారం గేట్లు కాసింది ఈ దళమే, దీని అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ హైదరాబాద్ హకీంపేటలోనే ఉంది. ఫ్యాక్టరీ కోసం కుట్టిన ఈ బిల్లుల పద్ధతే తర్వాత విమానాశ్రయానికీ వచ్చింది.

విమానాశ్రయాల్లో ముప్పు మాత్రం ఫ్యాక్టరీ ముప్పు లాంటిది కాదు. 1971 జనవరి 30న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఫాకర్ విమానం ‘గంగ’ను లాహోర్‌కు మళ్లించినవారికి అందులోని ప్రయాణికులతో పగ లేదు. వాళ్లు ఎక్కుపెట్టింది భారత ప్రభుత్వం మీద. ప్రయాణికులను విడిచిపెట్టి విమానాన్ని తగలబెట్టారు. దానికి జవాబుగా భారత్ పాకిస్తాన్ విమానాలు మన గగనతలం మీదుగా ఎగరకుండా నిషేధించింది. 1976 సెప్టెంబరులో మరో విమానాన్ని హైజాక్ చేసి లాహోర్‌కే తీసుకెళ్లాక పాండే కమిటీని వేశారు, దాని సిఫారసుతో 1978 జనవరిలో పౌర విమానయాన శాఖలో భద్రతా విభాగం ఏర్పడింది. 1985 జూన్‌లో ఎయిర్ ఇండియా విమానం ‘కనిష్క’ అట్లాంటిక్ మీద పేలి 329 మంది చనిపోయాక, 1987లో ఆ విభాగం బీసీఏఎస్ (పౌర విమానయాన భద్రతా బ్యూరో) పేరుతో స్వతంత్ర సంస్థ అయింది. నియమాలు ఆ సంస్థవి, గేటు దగ్గర నిలబడేది మాత్రం అప్పటికి ఆయా రాష్ట్రాల పోలీసులు. 1999 డిసెంబరు 24న కాఠ్మాండూలో బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఐసీ-814 హైజాకై కాందహార్ చేరింది. దాన్ని విడిపించడానికి ప్రభుత్వం జైళ్లలోని ముగ్గురిని వదలాల్సి వచ్చింది. ఇక రాష్ట్ర పోలీసులతో లాభం లేదనుకున్నారు. 2000 ఫిబ్రవరి 3న జైపూర్‌తో మొదలుపెట్టి ఒక్కో విమానాశ్రయాన్నీ సీఐఎస్ఎఫ్‌కు అప్పగించారు. ఈ వరుసలో ఏ హైజాక్ తీసుకున్నా బేరం జరిగింది ప్రయాణికుడితో కాదు, రాజ్యంతో. ప్రయాణికుడు ఆ బేరంలో తాకట్టు వస్తువు మాత్రమే. ఆ తాకట్టు వస్తువు దగ్గరే కాపలా కూలి కూడా వసూలు చేయడం వింతగా తోచాలి, మనకు తోచడం లేదు.

దళం రాగానే బిల్లు కూడా వచ్చింది. ప్యాసింజర్ సర్వీస్ ఫీ పేరుతో వసూలైన 200 రూపాయల్లో 65 శాతం, అంటే 130, భద్రతకని విడదీశారు. ఆ డబ్బు విమానాశ్రయ నిర్వాహకుల చేతిలోని ఎస్క్రో ఖాతాల్లో ఉండేది. ప్రభుత్వం తరఫున నమ్మకం మీద దాచిపెట్టిన సొమ్ము అది. దానితో జవాన్ల జీతాలే ఇవ్వాలా, ఎక్స్‌రే యంత్రాలు కూడా కొనవచ్చా అన్న తగవు ఏళ్ల తరబడి నలిగింది. 2014 ఫిబ్రవరిలో విమానయాన మంత్రిత్వ శాఖ, పరికరాలకు పెట్టిన ఖర్చును తిరిగి ఖాతాలో జమ చేయమని ఉత్తర్వు ఇచ్చింది. శంషాబాద్ విమానాశ్రయ నిర్వాహక సంస్థ హైకోర్టుకు వెళ్లి దానిమీద స్టే తెచ్చుకుంది. ఎవరి వాదన సరైనదన్నది కోర్టు తేల్చే సంగతి. అంతకంటే పెద్ద సంగతి, డబ్బు కట్టిన ప్రయాణికుడికి ఈ తగవులో ఎక్కడా చోటు లేకపోవడం. 2019లో ఈ ఖాతాలన్నిటి స్థానంలో జాతీయ విమానయాన భద్రతా రుసుం ట్రస్టు ఏర్పాటు చేసి, రుసుం పేరు మార్చారు. డబ్బు ఒకచోట చేరడం మంచి మార్పే. ప్రయాణికుల సంఖ్య మీద ఆధారపడిన ఆదాయంతో స్థిరమైన జీతాల ఖర్చు మోయాలన్న మూల లోపం మాత్రం అలాగే ఉండిపోయింది. ఏడాది గడవకముందే అది బయటపడింది. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశీయ విమానాలు నిలిచిపోయాయి. తర్వాత కూడా సగం ఖాళీగా ఎగిరాయి. జవాన్ల సంఖ్య తగ్గదు కదా. ఎక్కేవాళ్లు తగ్గిన ఆ కాలంలోనే రుసుం రెండుసార్లు పెరిగింది.

అయితే విమాన సంస్థలే కట్టవచ్చు కదా అని అడిగేవారున్నారు. ఆ ప్రయోగం అమెరికాలో ఇరవై ఎనిమిదేళ్లకు పైగా జరిగింది. 1972 నవంబరులో సదరన్ ఎయిర్‌వేస్ విమానాన్ని హైజాక్ చేసినవాళ్లు దాన్ని ఓక్ రిడ్జ్ అణు కేంద్రం మీద కూలుస్తామని బెదిరించారు. వెంటనే 1973 జనవరి 5 నుంచి ప్రతి ప్రయాణికుడినీ తనిఖీ చేయాలన్న ఆదేశం వచ్చింది. ఆ బాధ్యతా, ఖర్చూ విమాన సంస్థల నెత్తిన పడ్డాయి. వాళ్లు ఆ పనిని తక్కువ ధరకు పాడుకున్న కాంట్రాక్టర్లకు అప్పగించారు. అమెరికన్ కాంగ్రెస్ ఆడిట్ సంస్థ జీఏఓ 2000లో ఇచ్చిన నివేదిక చదివితే మనసు కలుక్కుమంటుంది. 1998 మే నుంచి 1999 ఏప్రిల్ దాకా పందొమ్మిది పెద్ద విమానాశ్రయాల్లో తనిఖీ సిబ్బంది మారిపోయిన రేటు సగటున 126 శాతం, ఒకచోట 416 శాతం. అంటే అక్కడ ఒకే తెర ముందు ఒకే ఏడాదిలో నలుగురైదుగురు వచ్చి వెళ్లారు. కారణం కూడా నివేదికలోనే ఉంది. చాలాచోట్ల ఆ జీతం కంటే పక్కనే ఉన్న ఫాస్ట్‌ఫుడ్ దుకాణంలో జీతం మెరుగు. సంచీలోని వస్తువు నీడ చూసి ప్రమాదాన్ని పసిగట్టాలంటే నెలల అనుభవం కావాలి. ఆ అనుభవం వచ్చేలోపే మనిషి మానేసేవాడు. 1978 పరీక్షల్లో ప్రమాదకర వస్తువుల్లో 13 శాతం కంటపడలేదు, 1987కి అది 20 శాతానికి పెరిగింది. ఖర్చుగా మాత్రమే చూసేవాడి చేతిలో భద్రత పెడితే అది చౌకబారుతుంది.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా తనిఖీని ప్రభుత్వపరం చేసి టీఎస్ఏ అనే సంస్థను పెట్టింది. 2002 ఫిబ్రవరి నుంచి ఒక్కో విమానం ఎక్కినందుకు రెండున్నర డాలర్లు ప్రయాణికుడి మీద వేసింది. 2014 జులైలో ఒకవైపు ప్రయాణానికి 5.60 డాలర్లు చేసింది. ఈ పెంపుతో వచ్చిన డబ్బులో పెద్ద భాగం తనిఖీకి కాకుండా దేశ బడ్జెట్ లోటు పూడ్చడానికి మళ్లాలని 2013 చట్టంలోనే రాసుకున్నారు. మొదట 2023 దాకా అన్న గడువును తర్వాత పొడిగించారు. డాలస్ నుంచి, చికాగో నుంచి ఇంటికి వచ్చిపోయే తెలుగు కుటుంబాలూ విద్యార్థులూ భద్రత పేరిట కడుతున్నదాంట్లో కొంత అక్కడి లోటు బడ్జెట్‌లోకి పోయిందన్నమాట. కెనడాలో 2002లో రానుపోను 24 కెనడా డాలర్లతో మొదలైన రుసుం మీద గగ్గోలు లేస్తే ఏడాదికే దేశీయ ప్రయాణాలకు 14కి దించారు, కొన్నేళ్లకు మళ్లీ పెంచారు. ఏ దేశంలోనైనా రుసుమనేది ఖజానాకు అనువైన పనిముట్టు. చూసేవారు తక్కువ, అడిగేవారు ఇంకా తక్కువ.

జీవితంలో విమానం ఎక్కని శ్రీకాకుళం కూలీ, ఎక్కేవాళ్ల కాపలాకు ఎందుకు కట్టాలన్నది బలమైన అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. జవాబు మాత్రం నేల మీదే ఉంది. సెప్టెంబరు 11న చనిపోయిన 2,977 మందిలో నాలుగు విమానాల్లోని ప్రయాణికులూ సిబ్బందీ 246 మందే. మిగతావారు ఆఫీసుల్లో పని చేసుకుంటున్నవారూ, వాళ్లను కాపాడబోయి పోయినవారూ. ఎక్స్‌రే యంత్రం ముందు నిలబడిన జవాను ఎగిరేవాడినీ కాపాడుతున్నాడు, కింద ఉన్నవాడినీ కాపాడుతున్నాడు. పాతకాలం ఊళ్లలో తలారికి ఎక్కువ ఆస్తి ఉన్నవాడొక్కడే గింజలు కొలవలేదు, కాపులందరి కళ్లాల నుంచీ మేర వెళ్లేది. విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ కౌంటరు కూడా రాజ్యం చేసే పనే. అక్కడ కూర్చునే అధికారి జీతానికి టికెట్టులో వేరే పద్దు లేదు. అదే కప్పు కింద నాలుగడుగుల దూరంలో నిలబడిన మరో ప్రభుత్వోద్యోగి జీతానికి మాత్రం ఉంది. దీనికి రాంచీ నాటి బిల్లుల పద్ధతి తప్ప వేరే సమర్థన వెతికినా దొరకదు.

236 రూపాయలు విమానం ఎక్కేవాడికి లెక్కా అంటారు ఇంకొందరు. ముంబై బిజినెస్ క్లాసుకు లెక్క కాకపోవచ్చు. చిన్న ఊళ్లకు తక్కువ ఛార్జీతో విమానాలు నడపడానికి పెట్టిన ఉడాన్ పథకం మొదట్లో గంట ప్రయాణానికి పెట్టిన పరిమితి సుమారు 2,500 రూపాయలు. ఆ టికెట్టు పక్కన పెడితే ఇది దాదాపు పదో వంతు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ ప్రారంభమైన రోజు ఎగిరిన మొదటి సర్వీసుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. ఆ పథకంలో చేరే రాష్ట్రాలు చిన్న విమానాశ్రయాలకు పోలీసు భద్రత, అగ్నిమాపక సేవ ఉచితంగా ఇవ్వాలన్నది షరతు. జనం విమానం ఎక్కాలని ప్రభుత్వం నిజంగా కోరుకున్నచోట కాపలా ఖర్చు ఖజానా మీదే పెట్టింది. ఆ సూత్రం కడప మార్గానికి సరైనదైతే మిగతా మార్గాలకూ సరైనదే.

చివరిగా, ఖజానా మీద వదిలితే పాత రాష్ట్ర పోలీసుల రోజులు మళ్లీ వస్తాయన్న భయం. ఇది న్యాయమైన భయం. అప్పటి లోపం జీతం ఎవరిచ్చారన్నది కాదు, ప్రత్యేక శిక్షణ లేని పోలీసులు వంతులవారీగా వచ్చిపోవడం. ఆ లోపం ఒకే దళం వచ్చాక తీరింది. అయినా మొత్తం భారం ఒక్కసారిగా బడ్జెట్ మీదికి నెట్టమనడం లేదు. రైల్వేలో ప్రభుత్వ రైల్వే పోలీసుల ఖర్చును రాష్ట్రమూ రైల్వేలూ చెరి సగం భరించే పద్ధతి దశాబ్దాలుగా ఉంది. విమానాశ్రయాల్లో కూడా సీఐఎస్ఎఫ్ జీతాల్లో సగం కేంద్ర బడ్జెట్ నుంచి, సగం రుసుం నుంచి రావాలి. సంచి తనిఖీ త్వరగా ముగియాలని ప్రత్యేక వరుసలు కోరుకునే సంస్థలు వాటి అదనపు ఖర్చు అవే పెట్టుకోవాలి. రుసుం మీద జీఎస్టీ వెంటనే తీసేయాలి, రాజ్యం చేసే కాపలా మీద రాజ్యమే పన్ను వేయడం సమంజసం కాదు. ట్రస్టులో ప్రతి ఏడాదీ ఎంత చేరింది, ఎంత జీతాలకు పోయింది, ఎంత మిగిలింది అన్న లెక్క కాగ్ ఆడిట్‌తో పార్లమెంటు ముందుకు రావాలి. మళ్లీ రుసుం పెంచే ముందు ఆ లెక్క చూపించమని మన ఎంపీలు అడగాలి.