రోజుకో సంకీర్తన: తాళ్లపాక వారి వారసత్వం

తిరుమల రాగిరేకుల మీద పాటలతో పాటు రెండు కాలాలూ చెక్కి ఉన్నాయి. మొదటిది క్రోధి నామ సంవత్సరం (1424), పదహారేళ్ల అన్నమాచార్యులు స్వామి మీద పదాలు కట్టడం మొదలుపెట్టిన ఏడాది. రెండోది దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి (1503), ఆయన కన్నుమూసిన రోజు. నడుమ డెబ్భై ఎనిమిదేళ్ల పాట!

అప్పటికాయనకు తొంభై అయిదేళ్లు. అవసానకాలంలో కొడుకు పెదతిరుమలాచార్యులను పిలిచి, రోజుకు ఒక్కటైనా తక్కువ కాకుండా సంకీర్తన చెప్పమని అప్పగించారంటుంది మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన 'అన్నమాచార్య చరిత్రము'. ఇంటి మనిషి రాసుకున్న కథే కాబట్టి కొంత భక్తి కలిసి ఉండొచ్చు. అయినా పంపకం ఎలాంటిదో చూడండి. ఆ పెద్దాయన కొడుక్కి పీఠమివ్వలేదు, పని ఇచ్చారు.

కొడుకు ఆ మాట గట్టిగానే పట్టుకున్నాడు. తాను పదాలు చెప్పాడు, 'వేంకటేశ్వర వచనములు' రాశాడు. అన్నిటికన్నా పెద్ద పని, తండ్రి పాటలను తాటాకుకు వదిలేయకుండా రాగిరేకుల మీద చెక్కించడం. రేకుకు రెండు వైపులా అక్షరాలు, పాటకో రాగం పేరు. అధ్యాత్మం వేరు, శృంగారం వేరు. ఇంత రాగికి, ఇందరు చెక్కేవాళ్లకు ఎంత సొమ్ము కావాలి! తండ్రికి లేని లౌకికపు నేర్పు కొడుక్కి ఉండబట్టే ఇది సాగింది. ఆ రేకులను దాచిన సంకీర్తన భాండారం గుడిలోనే, హుండీకి దగ్గర్లో ఉంది. ద్వారానికి అటూ ఇటూ తండ్రీకొడుకుల శిల్పాలున్నాయి.

మూడో తరం ఇంకో లోటు పూడ్చింది. అన్నమయ్య సంస్కృతంలో రాసిన సంకీర్తన లక్షణ గ్రంథం నేడు దొరకదు. మనవడు చినతిరుమలాచార్యులు చేసిన తెలుగు సేత ఉండబట్టే అందులో ఏముందో తెలుస్తోంది.

తర్వాత రేకులు మరుగున పడ్డాయి. 1922లో అవి వెలుగులోకి వచ్చాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పరిష్కరణకు పూనుకున్నారు. ముప్ఫై రెండు వేల పాటలని ప్రతీతి. దొరికినవి 12 వేలకు పైగా.

అయితే రేకుల మీద రాగం పేరుందే గాని స్వరం లేదు. ఇప్పుడు మన ఇళ్లలో వినిపించే బాణీల్లో చాలా మటుకు రాళ్లపల్లి, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ లాంటివారు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే.