వాకిట్లో కారు మరమ్మతు

పాతబస్తీలో కారు మాట వస్తే ముందుగా గుర్తుకొచ్చేది ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్. ఆయన 1911లో కాలం చేశారు. కారు ఆ తరువాతే వచ్చింది. పెద్దగా తిరగకుండానే ఏళ్ల తరబడి మూలనపడి, మళ్లీ బాగుపడి, ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉంది.

మధ్యతరగతి వారి కార్ల కథ వేరు. 1957లో మొదలైన అంబాసిడర్, నాటి ఫియట్ చాలావరకు ఇంటి వాకిట్లోనే బాగయ్యేవి. పాత పేపర్లు పరచి, కార్బురేటరు విప్పి పెట్రోలుతో కడిగేవారు. పాయింట్లను ఎమరీ కాగితంతో రుద్ది, ప్లగ్గుల మసి గీకేవారు. విప్పిన వరుసలో పేర్చుకోకపోతే చివరకు ఒక నట్టు మిగిలేది! గచ్చుమీది నూనె మరక ఎంత కడిగినా పోయేది కాదు. తీసిన నల్లనూనె మోరీలో పోసేవారు. అది చేరేది మూసీకే. ఆ పని మాత్రం మెచ్చదగినది కాదు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక ఈ పనులు వర్క్‌షాపులకు పోయాయి. 2014లో అంబాసిడర్ తయారీ కూడా ఆగింది. వాకిళ్లు శుభ్రపడ్డాయి. కానీ బండి ఎందుకు ఆగిందో చెవితో విని, చేత్తో తెలుసుకునే విద్య పిల్లలకు అందలేదు. నాడు పానా పట్టిన మన సభ్యులు ఆ అనుభవాలను రాసి ఉంచడం అవసరం.