కింది అంతస్తు డాక్టరు గారు

మంట కాస్త ఎగదొయ్యరా చిన్నోడా. భోగి కోసమని ఊళ్ళో దుంగలన్నీ పోగేశారు గానీ, ఇవాళ నాలుగు చితుకులు వెయ్యడానికి మీకు చేతులు రావడం లేదు. కూచోండి. ఇది కథ కాదు, జరిగిందే చెప్తా.

నేను రక్తం చూసి బతికినవాణ్ణి. ఉద్యోగమంతా పెద్దాసుపత్రి ల్యాబులోనే. మా రోజుల్లో కణాలు లెక్కపెట్టే మిషన్లు ఎక్కడివి? వేలి కొసన సూదితో పొడిచి, వచ్చిన చుక్కని గాజు స్లైడు మీదకి తీసుకుని, ఇంకో స్లైడు ఏటవాలుగా ఆనించి ఒక్క తోపు తొయ్యాలి. చెయ్యి తడబడితే పొర మందమైపోయేది, కణాలు ఒకదాని మీద ఒకటి పడి ఏదీ తేలేది కాదు. ఆరాక లీష్మన్ స్టెయిన్ అనే రంగు పోసి, నీళ్ళు కలిపి, గడియారం చూసుకుంటూ కాసేపు ఉంచి కడిగేసి, నూనె చుక్క వేసి పెద్ద లెన్సు దించితే అప్పుడు తెలిసేది సంగతి. మామూలు రక్తంలో బోలెడు ఎర్రకణాల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి తెల్లకణం కనిపిస్తుంది. ల్యుకేమియా, అంటే రక్తపు కాన్సర్, వచ్చిన పిల్లాడి స్లైడు అలా ఉండదు. ఎటు జరిపినా ఊదారంగు కణాలే. అన్నీ ముదరని లేతవి, కణమంతా కేంద్రకమే ఆక్రమించుకుని పక్కన చోటే మిగలదు. వాటినే బ్లాస్టులంటాం.

నేను తీసిన అలాంటి స్లైడు మొదటిసారి చూసినప్పుడు మా డాక్టరు గారు తల ఎత్తకుండానే "వయసెంత?" అన్నారు. నాలుగేళ్ళండీ అన్నాను. మరి మాట్లాడలేదాయన. సాయంత్రం టీ తాగుతూ, "ఈ జబ్బుకి మొదటి దారి చూపించింది వార్డు డాక్టరు కాదయ్యా, మనలాగే కింద కూచుని స్లైడ్లు చూసుకునే పేథాలజిస్టే" అని మొదలుపెట్టారు.

ఆయన పేరు సిడ్నీ ఫార్బర్. 1903లో అమెరికాలోని బఫెలోలో పుట్టాడు. యూదుల కుటుంబం, పద్నాలుగు మంది పిల్లల్లో మూడోవాడు. ఆ రోజుల్లో అక్కడి మెడికల్ కాలేజీల్లో యూదుల కుర్రాళ్ళకి సీటు గగనం. అందుకని జర్మనీ వెళ్ళి మొదటి ఏడాది చదివి, మంచి మార్కులు తెచ్చుకుని, హార్వర్డులో రెండో ఏట చేరాడు. మనిషి మహా క్రమం. క్లాసుకి కూడా కోటు వేసుకుని రావడం చూసి 'నాలుగు గుండీల సిడ్' అని వెక్కిరించేవారట. 1929లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో మొట్టమొదటి పూర్తికాలపు పేథాలజిస్టుగా కుదిరాడు. పని ఏమిటనుకున్నారు? పైన వార్డుల్లో పోయిన పసివాళ్ళని కోసి చూసి, ఎందుకు పోయారో కాగితం మీద రాయడం. శవపరీక్ష ఎలా చెయ్యాలో పుస్తకమే రాశాడు. అలా పద్దెనిమిదేళ్ళు గడిచాయి.

అప్పటికి ల్యుకేమియా అంటే మందు లేని జబ్బు. రక్తం ఎక్కించేవారు, అంతే. చాలామంది పిల్లలు వారాల్లో, మహా అయితే కొద్ది నెలల్లో వెళ్ళిపోయేవారు. ఎంతసేపూ పోయినవాళ్ళకే లెక్క రాస్తూ కూచోవడం ఫార్బర్‌కి విసుగు పుట్టించింది. బతికున్న పిల్లల దగ్గరికి వెళ్ళాలనుకున్నాడు.

అంతకుముందు లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ మన బొంబాయి వచ్చి, మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేసింది. ఈస్టుతో చేసే మార్మైట్ పెడితే వాళ్ళకి రక్తం పట్టింది. అందులో ఉన్న సుగుణం ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. ఎముకల మజ్జలో రక్తకణాలు సరిగా తయారవ్వాలంటే అది కావాలి కదా, దీన్ని ల్యుకేమియా పిల్లలకి ఇస్తే కణాలు దారికొస్తాయేమో అనుకున్నాడు ఫార్బర్. ఇచ్చాడు. ఎరువు చల్లితే పైరుకి బదులు కలుపు ఏపుగా లేచినట్టు, జబ్బు ఇంకా వేగం పుంజుకుంది. ఇప్పుడైతే ఎథిక్స్ కమిటీలూ సంతకాలూ లేకుండా అలాంటి పని జరగనివ్వరు, జరగనివ్వకూడదు కూడా. కానీ ఆయన దాన్ని కప్పిపుచ్చుకోలేదు. పోయిన పిల్లల మజ్జ మళ్ళీ లెన్సు కిందే పెట్టి చూశాడు. ఈ ఆమ్లం దొరికితే జబ్బు పెరుగుతోందంటే, దొరకకుండా చేస్తే ఎండిపోవాలి కదా అనుకున్నాడు. శవాల దగ్గర అన్నేళ్ళు గడిపిన కన్ను కాబట్టే అది పట్టుకోగలిగిందని నాకనిపిస్తుంది.

దొరకకుండా చేసే సరుకు ఎక్కడిది? ఇక్కడ వినండి. న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చోట లెడర్లే కంపెనీ ఉండేది. అక్కడ పరిశోధన నడిపిస్తున్నది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12, సంక్రాంతి ముంగిట పుట్టిన మనిషి. అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు కట్టినందుకు పెద్ద డిగ్రీ దక్కకుండా పోయింది. తర్వాత బోస్టన్‌లో దిగి, రాత్రిళ్ళు ఆసుపత్రిలో కూలిపని చేసుకుంటూ హార్వర్డులో చదివాడు. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన బృందమే. దాన్నే కాస్త మార్చి, కణం అసలుదనుకుని మింగి మోసపోయే నకిలీలని తయారుచేసి ఫార్బర్‌కి పంపారు. సుబ్బారావు గారు ఒక్కరే కనిపెట్టేశారని మనవాళ్ళు సభల్లో చెప్తుంటారు, అది నిజం కాదు. ఆయన కింద చాలామంది రసాయన శాస్త్రవేత్తలు చెమటోడ్చారు. ఆ పనిని ముందుండి నడిపించిన ఘనత మాత్రం ఆయనదే.

1947 డిసెంబరు 28న అమినోప్టెరిన్ అనే ఆ మందు రెండేళ్ళ పిల్లాడికి మొదలుపెట్టారు. డెబ్భై వేల దాకా ఎక్కిన తెల్లకణాల లెక్క ఆగింది, ఆగి దిగడం మొదలైంది. కదల్లేని పిల్లాడు లేచి ఆడుకున్నాడు. తోటి డాక్టర్లలో చాలామంది నమ్మలేదు. పోయే పిల్లల్ని ప్రశాంతంగా పోనివ్వరాదా అన్నవాళ్ళూ ఉన్నారు. 1948 జూన్‌లో ఫార్బర్ పేపరు అచ్చయింది. 16 మందికి ఇస్తే 10 మందిలో గుణం కనిపించిందని రాశాడు. ఉపశమనం తాత్కాలికమేనని శీర్షికలోనే ఒప్పుకున్నాడు. ఆ మొదటి పిల్లాడికి జబ్బు తిరగబెట్టింది, దక్కలేదు. పేపరు వచ్చిన రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు గారు 53 ఏళ్ళకి గుండె ఆగి పోయారు. అమెరికా వెళ్ళాక మళ్ళీ మన దేశం మొహం చూడనేలేదు.

ఫార్బర్‌కి డబ్బు అడగడం కూడా తెలుసర్రా. అదే ఏడు మే నెలలో రేడియోలో ఒక పిల్లాడి చేత మాట్లాడించారు, అసలు పేరు దాచి జిమ్మీ అన్నారు. పేగుల్లో లింఫోమా అనే కాన్సర్ వాడికి. ఆసుపత్రి గదిలోకి బేస్‌బాల్ జట్టు వచ్చింది. ఆట చూడ్డానికి టీవీ కావాలన్నాడు, దేశమంతా చందాలు కురిపించింది. ఆ పిల్లాడు ఎప్పుడో పోయి ఉంటాడని అందరూ అనుకున్నారు. 1998లో లారీ నడుపుకునే ముసలాయన ఒకరు వచ్చి ఆ జిమ్మీని నేనే అన్నారు!

అమినోప్టెరిన్ విషం కాస్త ఎక్కువ. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ నిలబడింది. మీ నాయనమ్మ కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునే పసుప్పచ్చ మాత్ర అదే. తక్కువ మోతాదు, భయపడక్కర్లేదు. రోజూ మాత్రం వెయ్యకూడదు, చీటీ మీద చూసుకోండి. తర్వాత ఫ్రై, ఫ్రైరైక్, పింకెల్ లాంటి డాక్టర్లు ల్యుకేమియాకి నాలుగైదు మందులు కలిపి ఇచ్చి, మళ్ళీ రాకుండా చేసే దారి పట్టారు. ఫార్బర్ 1973లో పోయాడు. సరైన వైద్యం అందే దేశాల్లో ఇప్పుడు ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదిమందికి తొమ్మిది మంది దాకా బతుకుతున్నారు.

అందుకే మీ అమ్మకి చెప్పండి. పిల్లలెవరికైనా జ్వరం ఎన్నాళ్ళకీ వదలకపోయినా, మొహం పాలిపోయినా, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు లేచినా, చిగుళ్ళ నుంచి రక్తం కారినా, ఎముకలు నొప్పని ఏడ్చినా ఊరికే టానిక్కులు పోయొద్దు. రక్తపరీక్ష చేయించండి. మిషన్ ఇచ్చిన కాగితంతో సరిపెట్టుకోకుండా, స్లైడు కూడా ఒకసారి చూడమని ల్యాబులో అడగండి.