మరమ్మతుకు మొదటి హక్కు: పత్తినేల, దూదేకుల వృత్తి, విశ్వవిద్యాలయ ఆవరణ

వక్ఫ్ వ్యవస్థకు పునాది అయిన సూత్రం ఒకటి ఉన్నది. మూలాన్ని కదలకుండా నిలిపి, దాని ఫలాన్ని మాత్రమే ధర్మకార్యాలకు వినియోగించాలి. ఖైబర్‌లో తనకు లభించిన భూమిని ఏమి చేయవలెనని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినప్పుడు దైవప్రవక్త (స) సూచించిన మార్గం ఇదేనని హదీసు గ్రంథాలు తెలుపుతున్నవి. ధర్మశాస్త్రజ్ఞులు, ముఖ్యంగా హనఫీ పండితులు, దీని నుంచి మరొక నియమాన్ని గ్రహించినారు. వక్ఫ్ ఆదాయం మీద మొదటి హక్కు మరమ్మతుది. దాత తన పత్రంలో ఆ మాట రాయకపోయినా అది చెల్లుతుంది. కట్టడాన్ని బాగుచేసిన తరువాతనే ఇతర ఖర్చులు.

ముస్లిం ప్రపంచంలోని ప్రాచీన విద్యాలయాలు ఇంతకాలం నిలవడానికి గల కారణాలలో ఈ నియమం ఒకటి. ఫెజ్ నగరంలోని ఖరవియ్యీన్ క్రీ.శ. 859లో స్థాపితమైనదని సంప్రదాయం చెబుతున్నది. కైరోలోని అల్ అజ్‌హర్ నిర్మాణం 970లో మొదలైనది. మమ్లూకుల కాలం నాటి కైరో వక్ఫ్ పత్రాలను చూస్తే అధ్యాపకుల జీతాలతో పాటు విద్యార్థుల రొట్టెలు, దీపాల నూనె, నేలమీద పరిచే చాపలు, మంచినీటి ఏర్పాటు కూడా వాటిలో కనిపిస్తవి. చాప ఎప్పుడు కొనాలి, నూనె ఎంత పోయాలి అన్నది చిన్న విషయమని ఆ దాతలు అనుకోలేదు. నేడు వనరుల పొదుపు, వ్యర్థాల తగ్గింపు అని మనం పిలిచే విషయం వారికి విద్యాలయ నిర్వహణలో భాగమే.

ఈ నియమాన్ని గ్రంథాలలో చదివి కాక చేతివృత్తిగా పాటించిన ముస్లిం సమాజం ఒకటి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తినేలలో ఉన్నది. వారే దూదేకులవారు. అదే నేలమీద ఇరవయ్యవ శతాబ్దంలో పెద్ద విద్యాలయాలు వెలసినవి. ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి చూస్తే నేటి ఆవరణలకు పనికివచ్చే పాఠం దొరుకుతుంది.

గుంటూరు ప్రాంతాన్ని ముస్లిం పాలకుల కాలంలో ముర్తజానగర్ సర్కారు అనేవారు. 1788లో అది నిజాం చేతినుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళినది. పాలకులు మారినా నల్లరేగడి మారలేదు, పత్తి మారలేదు. పొలం నుంచి వచ్చిన పత్తిలో దూది దాదాపు మూడోవంతు మాత్రమే. మిగిలిన రెండు వంతులూ గింజ. ఆ గింజను నానబెట్టి, రుబ్బి పశువులకు పెట్టేవారు. ఒంగోలు ఎడ్ల బలం వెనుక ఈ పత్తిగింజ కూడా ఉన్నది. తరువాతి కాలంలో మిల్లులు వచ్చి గింజ నుంచి నూనె తీసినవి. నూనె పోగా మిగిలిన చెక్క తిరిగి పశువుల గాటికే చేరినది. పత్తికట్టె పొయ్యిలోకి, పొయ్యి బూడిద పెంటదిబ్బ మీదికి, పెంట మళ్ళీ చేలోకి వెళ్ళేవి. మిరప కల్లంలో కూడా ఎర్రకాయ నుంచి తాలుకాయను వేరు చేసేవారు. తాలుకు తక్కువ ధర పలికినా దానికీ కొనేవాడు ఉండేవాడు. ఒకరి దగ్గర మిగిలినది మరొకరికి ముడిసరుకు కావడం వల్ల ‘చెత్త’ అనదగినది చాలా తక్కువగా ఉండేది.

ఈ గొలుసులో దూది భాగం దూదేకులవారిది. పింజారి, లదాఫ్, నూర్‌బాషా అనే పేర్లు కూడా వీరికి వాడుకలో ఉన్నవి. లదాఫ్ అనే మాట అరబ్బీలోని నద్దాఫ్ నుంచి వచ్చినది. నద్దాఫ్ అంటే దూది ఏకేవాడు. 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ పేరులోని హల్లాజ్ అనే పదం కూడా పత్తిపనికి సంబంధించినదే. మన దేశంలో రాట్నం గురించిన తొలి స్పష్టమైన ప్రస్తావన 1350లో బహమనీ రాజ్యంలో ఇసామీ పూర్తిచేసిన ‘ఫుతూహుస్సలాతీన్’లో ఉన్నదని చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ చూపినారు. దక్కనులో ముస్లింల చరిత్రకు పత్తిపనితో ఉన్న సంబంధం అంత పాతది. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ కులాల గ్రంథంలో దూదేకులవారికి స్థానం ఉన్నది. వీరిలో అత్యధికుల ఇంటిభాష తెలుగు.

వారి పని తీరు ఇది. పెద్ద వింటికి బిగించిన నరాన్ని కొయ్యగూటంతో మీటుతారు. ఆ అదురుకు దూది పోగులు విడివడి పైకి లేస్తవి. మట్టి, నలక కిందికి రాలుతవి. కొత్త దూదిని వడకడానికి సిద్ధం చేయడం ఈ వృత్తిలో ఒక సగం. రెండో సగం పాత దూదిని బతికించడం. ఏళ్ళ తరబడి పడుకున్న పరుపులో దూది అణగి గడ్డకడుతుంది. దూదేకులవాడు ఇంటిముందుకు వచ్చి కుట్టు విప్పి, దూదిని ఎండబెట్టి, ఏకి, తిరిగి నింపి కుట్టేవాడు. కొత్తగా కావలసినది దారం, తక్కువ పడితే కొంచెం దూది. అదే పరుపు మరికొన్ని ఏళ్ళు వచ్చేది. వక్ఫ్ నియమం చెప్పినది కూడా ఇదే కదా! మూలం నిలవాలి, మరమ్మతు ముందు జరగాలి.

ఇక విద్యాలయాల సంగతి. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో మొదలైనది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానిలో భాగమైనది. ఆ విశ్వవిద్యాలయానికి 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టినారు. 2014 రాష్ట్ర విభజన తరువాత దాని కేంద్రం గుంటూరు పక్కనున్న లాంకు వచ్చినది. మరొక వైపు, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1967లో గుంటూరులో స్నాతకోత్తర కేంద్రాన్ని తెరిచినది. అది పెరిగి నాగార్జున విశ్వవిద్యాలయమైనది. 1976 సెప్టెంబరు 11న నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమద్ దానిని ప్రారంభించినారు. గుంటూరు, విజయవాడల మధ్య రహదారి పక్కన నాగార్జున నగర్ వెలసినది.

ఈ విద్యాలయాలు నేలకు చేసిన మేలు తక్కువది కాదు. 1980 దశకంలో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినది. మందు మీద మందు కొట్టిన కొద్దీ పురుగు పెరిగినది, అప్పు పెరిగినది. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాలలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలవరపెట్టినవి. ఫలం కోసం మూలాన్నే ఖర్చు చేస్తే ఏమవుతుందో ఆ సంవత్సరాలు చూపినవి. తెల్లదోమను తట్టుకొనే ‘కాంచన’ పత్తి రకం లాం పరిశోధనా కేంద్రం నుంచే వచ్చినది. పత్తికట్టెను కాల్చకుండా ఎరువుగా మార్చడం, వానపాములతో సుమారు రెండు నెలల్లో ఆకు అలములను ఎరువు చేయడం వంటివి వ్యవసాయ శాస్త్రంలో నేడు సాధారణ పాఠాలు.

అయితే విద్యాలయం ఒక పాఠం మాత్రమే కాదు, ఒక ఊరు కూడా. ఏ ఆవరణలోనైనా వసతిగృహం వంటశాల ఉంటుంది, అన్నం మిగులుతుంది. చెట్లు ఉంటవి, ఆకు రాలుతుంది. కార్యాలయాలలో కాగితం, గదులలో విరిగిన కుర్చీ, అణగిన పరుపు, పాడైన పంఖా పేరుకుంటవి. ప్రయోగశాల రసాయనాలకు వేరే జాగ్రత్త కావాలి. 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు ఐదువేల చదరపు మీటర్లకు మించిన సంస్థలను తడిచెత్త, పొడిచెత్త వేరుచేయమని, కుళ్ళే పదార్థాన్ని వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో జీవవాయువుగానో మార్చుకోమని కోరినవి. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్‌ను ఆవరణలోకి రానీయవద్దని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో సూచించినది.

ఈ నియమాలు అవసరమైనవే. కాని ఇవి ప్రధానంగా వస్తువు చెత్త అయిన తరువాతి కథను చూస్తున్నవి. దూదేకుల వృత్తి దానికి ముందరి కథ. అణగిన పరుపు చెత్త కాదు, ఏకవలసిన దూది. అది చెత్తగా మారేది ఏకే మనిషి లేనప్పుడే. పత్తినేలలో జరిగినదీ అదే. వింటి స్థానంలో ఏకే యంత్రం వచ్చినది, ఆపైన స్పంజి పరుపు వచ్చినది. స్పంజిని ఏకడం సాధ్యం కాదు. అది చిరిగితే కుప్పమీదికే పోతుంది. వృత్తి సన్నగిల్లినకొద్దీ దూదేకులవారు కూలికి, చిన్న వ్యాపారాలకు మళ్ళినారు. పాత పరుపును బతికించే నైపుణ్యానికి ధర లేకుండా పోయినది.

ఇందులో మరొక కోణం కూడా ఉన్నది. అనంతరామన్ కమిషన్ నివేదిక తరువాత 1970లో ప్రకటించిన వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకులవారికి ‘బి’ వర్గంలో స్థానం దొరికినది. ఆ దారిన వారి పిల్లలు విద్యాలయాలకు రావడం సమాజానికి శుభం. వారు తాతల వింటిని తిరిగి పట్టవలెనని ఎవరూ కోరరాదు. ఏకేటప్పుడు లేచే దూదిధూళి ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. మనం నిలుపుకోవలసినది ఆ కష్టాన్ని కాదు, ఆ పనిలోని క్రమాన్ని: పారవేసే ముందు విప్పి చూడడం, బాగుపడేదానిని బాగుచేయడం, తక్కువ పడినంత మాత్రమే కొత్తది కలపడం.

ఆవరణలో దీనిని అమలు చేయడానికి పెద్ద పథకం అక్కరలేదు. సంవత్సర వ్యయపట్టికలో కొత్త కొనుగోళ్ళ కంటే ముందు మరమ్మతుకు ఒక పద్దు ఉండాలి. కుర్చీ, పంఖా, పరుపు కొనేటప్పుడే అది విప్పి బాగుచేయగల వస్తువా అని అడగాలి. బాగుచేసే పనివారికి నిలకడైన పని, గౌరవమైన కూలి దొరకాలి. వంటశాలలో మిగిలే అన్నాన్ని తూచి, మరునాడు ఎసరు తగ్గించాలి. మిగిలిన దానిని ఎరువు చేసి ఆవరణ చెట్లకే వేయాలి.

విశ్వవిద్యాలయానికి భూమి, నీరు, నీడ ఒక తరం ఇచ్చి వెళ్ళినవి. చట్టం దృష్టిలో అది వక్ఫ్ కాకపోవచ్చు. కాని అక్కడ చదివే తరం అనుభవించదగినది ఫలాన్ని మాత్రమే. మూలం తరువాత వచ్చేవారిది.